త్రాసు చెప్పెడి తీర్పు

రేణిగుంట జంక్షను మీదుగా ప్రయాణము చేయువారికి ఈ దృశ్యము క్రొత్తది కాదు. గూడూరు వైపునుండి వచ్చిన రైలు ఆగును. పోలీసులు పెట్టెలలోని కెక్కుదురు. ఒక్కొక్కప్పుడు వాసన పట్టెడి కుక్క వారికి ముందు నడచును. బల్లక్రిందనుండి ఒక సంచి బయటపడును. దానిలో గోధుమరంగు టేపు చుట్టిన పొట్లము లుండును. సంచి యెవరిదని యడుగగా పెట్టెలో నెవ్వరును పలుకరు. కడపట మూల నొదిగి కూర్చున్న యొక యువకుడో, చంకలో బిడ్డ నెత్తుకొన్న యొక స్త్రీయో దింపబడుదురు. మరునాడు పత్రికలలో వార్త వచ్చును: ఇన్ని కిలోల గంజాయి పట్టుబడినది, ఇంతమంది అరెస్టయిరి. పాఠకుడు చదివి, మంచిపనియే జరిగినదనుకొని పుట త్రిప్పును. ఆ సంచిని కట్టినవా డెవడో, అందుకొనవలసినవా డెవడో ఆ వార్తలో నుండదు. పెక్కు కేసులలో విచారణ ముగిసిన పిమ్మటను తేలదు.

మేము గంజాయి వ్యాపారమునకు వకాల్తా పుచ్చుకొనుటలేదు. మత్తునకు లోనై చదువు చెడగొట్టుకొన్న బిడ్డలను, గుల్లయైన సంసారములను మన పట్టణములలో ప్రతి వీథివారు నెరుగుదురు. నేరము చేసినవాడు శిక్ష ననుభవింపవలసినదే. మా ప్రశ్న యొక్కటి: ఆ శిక్షను నిర్ణయించునది న్యాయాధిపతియా, త్రాసా? నేడున్న చట్టమును బట్టి చూడగా త్రాసే యని చెప్పక తప్పదు.

ఈ ప్రశ్నను రేణిగుంటనుండి యడుగుటకు కారణము లేకపోలేదు. గూడూరునుండి వచ్చు దారి, కడప గుంతకల్లుల మీదుగా ముంబయికి పోవు దారి, చెన్నైనుండి వచ్చు దారి, తిరుపతి చిత్తూరుల మీదుగా కాట్పాడి చేరు దారి ఇచ్చట కలియుచున్నవి. విశాఖ మన్యమునను ఒడిస్సా సరిహద్దు కొండలలోను పండిన గంజాయి దక్షిణమునకు పడమరకు పోవుటకు ఈ కూడలియు నొక త్రోవ. ఆ సరకు యజమాని రైలెక్కడు, కూలివాని నెక్కించును. కనుక రేణిగుంటలో పట్టుబడువాడు కూలివాడే గాని వ్యాపారి కాడు.

చట్టము నడచివచ్చిన తీరును కొంచెము పరిశీలింతము. 1985లో పార్లమెంటు మాదకద్రవ్యముల చట్టమును చేసెను. దాని తొలిరూపములో గంజాయి నేరమునకు గరిష్ఠశిక్ష అయిదేండ్లు; ఇంతకు తగ్గరాదను నిబంధన లేదు. మిక్కిలి ప్రమాదకరములని యెంచిన ఇతర ద్రవ్యములకే పదేండ్ల కనిష్ఠము నుంచిరి. అయితే ఆ ద్రవ్యముల విషయమున చిటికెడు పొడితో దొరికినవాడును, బస్తాలకొలది అమ్మినవాడును ఒకే కనిష్ఠశిక్షకు గురియగుచుండిరి. ఇది యన్యాయమని గ్రహించి, పరిమాణమును బట్టి శిక్ష మారవలెనని 2001లో చట్టమును సవరించిరి. సంకల్పము మంచిదే. కాని గంజాయి విషయమున ఫలము తలక్రిందయినది. కిలో లోపు స్వల్పపరిమాణమనిరి. 20 కిలోలు మించినచో వాణిజ్యపరిమాణమనిరి. స్వల్పపరిమాణమునకు నేడు ఒక యేడాది వరకు శిక్ష వేయవచ్చును. నడుమనున్న దానికి పదేండ్ల వరకు వేయవచ్చును. వాణిజ్యపరిమాణమునకు మాత్రము పదేండ్లకు తగ్గరాదు. ఇరువదేండ్ల వరకు పోవచ్చును. జుల్మానా లక్ష రూపాయలకు తగ్గరాదు. ఈ విధముగా, కాఠిన్యమును తగ్గింపబూనిన సవరణయే బరువైన సంచి మోసినవాని విషయమున అయిదేండ్ల గరిష్ఠమును తొలగించి పదేండ్ల కనిష్ఠమును తెచ్చిపెట్టినది.

దీని యర్థమేమో విచారింపుడు. పందొమ్మిదిన్నర కిలోలతో దొరికినవాని విషయమున న్యాయాధిపతి యోచింపవచ్చును. వాని వయస్సు, పేదరికము, పూర్వచరిత్ర చూడవచ్చును. ఒక యేడు వేయవచ్చును, ఎనిమిదేండ్లును వేయవచ్చును. ఇరువది కిలోలకు పిడికెడు మించినచో ఆ యోచనకు తావులేదు. ఒక్క దినమైనను పదేండ్లకు తగ్గింప వీలులేదు.

ఆ పిడికెడు ఎట్లు తూగినదో మన రైతులకు వేరుగ చెప్పనక్కరలేదు. వేరుసెనగ బస్తాలను అంగడికి తోలినవారికి తేమ యెంత, మట్టి యెంత, తరుగెంత యను వాదము నిత్యానుభవము. బస్తాకు రెండు కిలోల తరుగు తీసిన దళారితో పోట్లాడని రైతు మన సీమలో నుండడు. చట్టము ప్రకారము గంజాయి యనగా ఆ మొక్కయొక్క పూచిన లేక కాచిన కొసలు. కొసలతో కూడియుండని ఆకులును విత్తులును గంజాయి కావు. పచ్చి సరకు ఆరినకొలది తగ్గును. సంచిలో కొస యెంత, ఆకెంత, కాడ యెంత, తేమ యెంత యను విచారణ పట్టుబడిన చోటనే శ్రద్ధగా జరుగవలెను. జరుగనిచో ముద్దాయి తరఫున దానిని నిలదీసి యడుగుటకు సమర్థుడైన వకీలుండవలెను. కూలివానికి అట్టి వకీలు దొరకుట యరుదు. అంగడిలో మూడు కిలోల తరుగునకు పోవునది కొన్ని రూపాయలు. ఇచ్చట పోవునది ఒక మనుష్యుని యవ్వనము.

అంతకంటె పెద్దలోప మొకటి కలదు. త్రాసు బరువును చెప్పును గాని, ఆ బరువునందు ఎవని భాగమెంతయో చెప్పజాలదు. అయిదువందల కిలోలు కొని, బండ్లు కట్టించి, మూడు రాష్ట్రములకు పంపెడి వర్తకునకును, కూలికి ఆశపడి ఇరువదియొక్క కిలోల సంచిని మోసినవానికిని చట్టము చూపు కనిష్ఠము ఒక్కటే. మరియొక పోలిక చూడుడు. చావు సంభవించునని తెలిసియు, చంపు ఉద్దేశము లేక చేసిన పనివలన ఒకడు మరణించినచో దోషికి పదేండ్ల వరకు శిక్ష విధింపవచ్చును. అచ్చట కనిష్ఠము లేదు. ప్రాణము పోయిన కేసులో న్యాయాధిపతిని నమ్మిన శాసనము సంచి మోసిన కేసులో నమ్మలేదు.

ఆ చట్టములోనే 32-బి యను సెక్షను కలదు. కనిష్ఠమునకు మించి శిక్ష వేయుటకు న్యాయాధిపతి యే హేతువులను చూడవచ్చునో దానిలో చెప్పిరి: హింసకు పాల్పడెనా, ఆయుధము చూపెనా, ప్రభుత్వోద్యోగములో నుండి చేసెనా, బాలురను వాడుకొనెనా, విద్యాలయములో చేసెనా. ఈ విభజన సమంజసమైనది. అయితే హింస చేయుట శిక్షను పెంచుటకు హేతువైనప్పుడు, హింస చేయకుండుట తగ్గించుటకు హేతువెందుకు కారాదు? పెంచుటకు శాసనకర్తలకు ఆరు హేతువులు తోచినవి. కనిష్ఠమునకు దిగువకు దింపుటకు ఒక్కటియు తోచలేదు.

ఇక పెట్టుబడి పెట్టి నడిపించెడివాని మాట. వానికొరకు 27-ఏ యను సెక్షను నుంచిరి. 2014లో చట్టమును సవరించునప్పుడు ఒక నిర్వచనము సంఖ్య మారెను. ఆ సంఖ్యను పట్టుకొని నిలిచిన 27-ఏ సెక్షనులో మార్పు చేయ మరచిరి. ఫలితముగా వెనుకనుండి నడిపించువానిని శిక్షించు సెక్షను ఏడేండ్లు ఆధారములేని యక్షరములుగా మిగిలినది. 2021లో త్రిపుర హైకోర్టు ఎత్తిచూపిన పిమ్మట ఆ యేటనే ఆర్డినెన్సు తెచ్చి, తరువాత చట్టము చేసి, దిద్దుకొనిరి. దిద్దుకొన్నందుకు మేము తప్పుపట్టము. యజమాని సెక్షనులోని అక్షరదోషమును కొలది మాసములలో సవరింపగలిగిన పార్లమెంటు, కూలివాని సెక్షనులోని న్యాయదోషమును ఇరువదేండ్లకు పైబడియు చూడకుండుట యేమని యడుగుచున్నాము.

కనిష్ఠశిక్షతో కథ ముగియదు. వాణిజ్యపరిమాణపు కేసులో జామీను పొందవలెనన్న 37వ సెక్షను అడ్డు నిలుచును. ముద్దాయి దోషి కాడని నమ్ముటకు తగిన ఆధారములున్నవని విచారణకు ముందే కోర్టునకు తోపవలెను. విడిచినచో మరల నేరము చేయడనియు తోపవలెను. సంచి చేతిలో దొరికెనా, తెలిసియే మోసెనని చట్టము ఊహించును. తెలియదని నిరూపించు భారము వానిది. తొలిసారి తప్పుచేసినవారిని మంచి నడవడి షరతుపై విడుచుటకు 1958లో చేసిన ప్రొబేషను చట్టము, వయోజనుడైన ఈ కూలివానికి వర్తింపదు. శిక్షపడిన పిమ్మట 32-ఏ సెక్షను వచ్చును. ఇతర ఖైదీలు చెరసాలలో బుద్ధిగా మెలగి సంపాదించుకొను దినముల తగ్గింపు వీరికి లేదు. అప్పీలు విచారణలో నుండగా శిక్షను నిలుపు అధికారమును సయితము ఆ సెక్షను కోర్టులనుండి లాగుకొన్నది. 2000 సంవత్సరములో దాదూ కేసులో సుప్రీముకోర్టు ఆ భాగమును మాత్రము కొట్టివేసెను; దినముల తగ్గింపుపై నిషేధము నిలిచియున్నది. 2022లో స్వాతంత్ర్య అమృతోత్సవము పేర కేంద్రప్రభుత్వము ఖైదీలకు ప్రత్యేకముగ శిక్ష తగ్గింప తలపెట్టినప్పుడును, ఈ చట్టము క్రింద శిక్షపడినవారిని మినహాయించిరి. యజమానియా, కూలియా యను భేదము అచ్చటను చూడలేదు.

పైగా లక్షరూపాయల జుల్మానా. వర్తకునకు అది ఒకనాటి లాభము. కూలివానికి అది చెల్లింపరాని ఋణము. చెల్లింపనిచో మరికొంతకాలము ఖైదు. ధనికునకు సొమ్ముతో తీరిపోవునది పేదవానికి కాలముతో తీరవలసివచ్చుచున్నది.

విచారణ జాప్యము ఈ బాధకు తోడు. 1994లో సుప్రీముకోర్టు, ఆనాడు విచారణలో నున్న ఈ కేసుల విషయమై, పదేండ్ల కనిష్ఠముగల నేరమున అయిదేండ్లు జైలులో గడపినవానిని విడువవలెననెను. కాని లక్షరూపాయల పూచీకత్తు, అంతే మొత్తమునకు ఇద్దరు జామీనుదారులు కావలెననెను. కొండమీది కూలివానికి లక్షరూపాయల పూచీ నిలుచు బంధువులెవ్వరు? విచారణఖైదీలు గరిష్ఠశిక్షలో సగకాలము గడపినచో విడుదలకు అర్హులను సాధారణసూత్రము కలదు. ఇరువదేండ్లలో సగము పదేండ్లు. అనగా దోషియని తేలినచో పడు కనిష్ఠశిక్షంతయు తేలకముందే తీరిపోవును. 2024 జూలై 1నుండి అమలులోనున్న క్రొత్త నాగరిక సురక్షా సంహిత తొలినేరస్థులకు మూడవవంతు చాలుననుచున్నది. అదియైనను ఆరేండ్ల యెనిమిది మాసములు. 2023 మార్చిలో సుప్రీముకోర్టు మహమ్మద్ ముస్లిం కేసులో ఏడేండ్లకు మించి విచారణఖైదీగా మ్రగ్గిన యొకనికి జామీను నిచ్చుచు, విచారణ మితిమీరి సాగినచో 37వ సెక్షను అడ్డుగాదని స్పష్టముగ చెప్పెను. అదియు గంజాయి కేసే. ఆ మాట ఢిల్లీలో పలికినదే గాని, దానిని కోర్టునెదుట చదివి వినిపించువాడు ప్రతి కూలివానికిని దొరకుటలేదు.

ఈ కూలివారెవ్వరు? 2022 ఏప్రిలులో క్రొత్తజిల్లా లేర్పడినప్పుడు మన్యమునకు అల్లూరి సీతారామరాజు పేరు పెట్టుకొని గర్వించితిమి. పోడు కొట్టుకొని బ్రదుకు కొండజనులపై అటవీచట్టము మోపిన భారమును, దారి పనులలో వారిచే చేయించిన వెట్టిని సహింపక 1922లో ఆయన విల్లెత్తెను. ఆ కొండలలో దారిలేని ఊళ్లకు నేడు బయటి వర్తకుడు ముందుగా సొమ్మిచ్చి విత్తనము పంచును, పంట కొనును, మోయుటకు మనుష్యులను కుదుర్చుకొనును. పోలీసులు వచ్చునప్పటికి అతడుండడు. విశాఖ కేంద్ర కారాగారములో ఖైదీలలో పెద్దభాగము గంజాయి కేసులవారే యని పలుమారులు వెల్లడియైనది. ఒడియా, కువి మాటలాడు మనుష్యునకు తనపై వ్రాసిన అభియోగపత్రము చదివి చెప్పువాడు సయితము వెదకిన గాని దొరకడు.

మన సీమవారికి ఈ రీతి తెలియనిది కాదు. శేషాచలపు టడవులలో ఎఱ్ఱచందనము కొట్టుటకు జవ్వాది కొండలనుండి వచ్చు తమిళ కూలివారిని చూచుచున్నాము. దుంగ మోసినవాడు దొరకును, మేస్త్రీ తప్పుకొనును, ఓడకెక్కించెడి వర్తకుని ముఖము ఎవ్వరును చూడరు. 2015 ఏప్రిలు 7వ తేదీన చంద్రగిరి సమీపపు టడవిలో ఇరువదిమంది పోలీసుల తుపాకులకు బలియైరి. కూలివారు పోయిరి; వ్యాపారము పోలేదు. క్రొత్తకూలి దొరకును గనుక పాతకూలి జైలులో నున్నను, కాటిలో నున్నను వర్తకునకు లోటులేదు. గంజాయి విషయమునను అంతియే.

దండము తగ్గినచో నేరము పెరుగునని కొందరు పెద్దలు శంకింతురు. తమ పిల్లల క్షేమము కోరి యడుగు శంక యిది. తేలికగా త్రోసివేయదగినది కాదు. కాని అనుభవమును చూడుడు. పదేండ్ల కనిష్ఠము 2001నుండి అమలులో నున్నది. ఇరువదేండ్ల పిమ్మట, 2022 ఫిబ్రవరిలో, అనకాపల్లి సమీపమున మన పోలీసులు తగులబెట్టిన గంజాయి రమారమి రెండులక్షల కిలోలు. వేల యెకరముల తోటలు నరికిరి. భయమొక్కటే మందైనచో ఇంత రోగము మిగిలియుండకూడదు. కొండమీద సంచి నెత్తుకొనువాడు శిక్షాస్మృతి చదివి లెక్కవేసికొని యెత్తుకొనడు. ఇంటిలో గింజలున్నవా లేవా యని చూచుకొని యెత్తుకొనును. కౌటిల్యుడు సయితము తీక్ష్ణదండమును మెచ్చలేదు, మృదుదండమును మెచ్చలేదు. తగినవానికి తగినంత దండమునే మెచ్చెను.

శిక్షలు సడలించినచో వర్తకులు మరింతమంది కూలివారిని పంపుదురని రెండవ శంక. ఇతరదేశములవారును దీనిని తర్కించియే నిర్ణయించిరి. ఇంగ్లండులో 2012నుండి మాదకద్రవ్యపు కేసులలో శిక్ష వేయునప్పుడు బరువుతోపాటు పాత్రను చూచుచున్నారు: నాయకుడా, ముఖ్యుడా, అల్పపాత్రధారియా యని. మందుల కేసులలో ఉరిశిక్షకు పేరుపడిన సింగపూరు సయితము ఆ యేటనే తన చట్టమును సవరించి, మోయుట తప్ప వేరుభాగము లేనివాడు పరిశోధనకు నిజముగ తోడ్పడినచో ఉరి తప్పించు అధికారమును న్యాయాధిపతుల కిచ్చెను. అమెరికాలో ఒకే పదార్థమునకు రెండు రూపములలో నూరింతల తేడాతో శిక్షవేయు తూకపుచట్టమును 2010లో కొంత సరిదిద్దిరి. చిన్ననేరస్థులను కనిష్ఠమునకు దిగువ శిక్షించు వెసులుబాటును 2018లో విస్తరించిరి. 2025 జనవరిలో అధ్యక్షుడు బైడెన్ పదవి వీడుటకు మూడుదినములు ముందు, హింసలేని మాదకద్రవ్యపు నేరములకై శిక్ష ననుభవించుచున్న దాదాపు 2,500 మందికి శిక్షలు తగ్గించెను. ఈ దేశములేవియు మత్తువ్యాపారమును నెత్తిన పెట్టుకొన్నవి కావు; మోసినవానిని నడిపించినవానిని వేరుచేసి చూడ నేర్చుకొన్నవి.

కాబట్టి మా మనవి మూడు విషయములలో నున్నది. మొదటిది పార్లమెంటునకు. తొలిసారి నేరము చేసి, ఆయుధము పట్టక, లాభములో భాగములేక, కూలికై మాత్రమే మోసినట్లు కోర్టునకు తోచినచో, హేతువులు వ్రాసి పదేండ్లకు దిగువ శిక్షించు అధికారమును న్యాయాధిపతుల కీయవలెను. పెంచుటకు 32-బి యున్నట్లే తగ్గించుటకు మరియొక సెక్షను కావలెను. సంచి యెవరిచ్చిరో నిజము చెప్పినవానికి ఆ మేలు మరింత దక్కవలెను. అప్పుడు గాని యజమానివైపు దారి తెరచుకొనదు. శిక్షపడినవానికి మంచి నడవడిచే లభించు దినములను 32-ఏ సెక్షను హరింపరాదు.

రెండవది రాష్ట్రప్రభుత్వమునకు. రాజ్యాంగములోని 72వ అధికరణము రాష్ట్రపతికిని, 161వది గవర్నరులకును క్షమాధికారము నిచ్చినవి. 32-ఏ సెక్షను ఆ యధికారమును తాకజాలదని దాదూ కేసులోనే సుప్రీముకోర్టు చెప్పినది. ఇది కేంద్రము చేసిన చట్టము గనుక ఎవరి యధికారము ఎంతవరకన్న వాదము రావచ్చును. వచ్చినను, విశ్రాంత న్యాయాధిపతి అధ్యక్షతన ఒక సంఘమును నియమించి, మన జైళ్లలో ఈ శిక్ష ననుభవించుచున్న కూలివారి రికార్డులను ఒక్కొక్కటిగా చూచి, అర్హులైనవారి పేర్లను తగినచోటికి సిఫారసు చేయుటకు అడ్డేమియు లేదు. గుంపుగా తలుపులు తెరువుమని మేము కోరుటలేదు. ఒక్కొక్కనిని మనుష్యునిగా చూడుమని కోరుచున్నాము.

మూడవది మన వకీళ్లకును పెద్దలకును. పేదలకు ఉచితముగా న్యాయసహాయము చేయుటకు 1987లో చట్టము చేసికొంటిమి. తిరుపతి, చిత్తూరు న్యాయవాదులు నెలకొకమారు జైళ్లకు పోయి, ఈ కేసులలో ఎవరెన్నియేండ్లుగా విచారణలేక యున్నారో వ్రాసికొని, కోర్టుల నాశ్రయింతురేని, ఏ పార్లమెంటు సవరణకును కాచుకొనవలసిన పనిలేకయే కొందరికి వెలుగు కనబడును.

నేరమునకు తగిన శిక్షయే కావలెను. బరువునకు తగిన శిక్ష కాదు. రేపును రేణిగుంటలో రైలాగును, రేపును సంచి దొరకును. దానిని తూచుట పోలీసుల పని. దానిని మోసిన మనుష్యుని తూచుట న్యాయాధిపతి పని. ఆ రెండవ తూకమునకు చట్టములో చోటు కల్పించుట మన ప్రతినిధుల విధి యని వారికి మరల మరల జ్ఞాపకము చేయుచున్నాము.